పాత నం.4 రైఫిల్ పీప్ సైట్ సరిచేయడం: 100 గజాల దగ్గర తూటాలు పైకీ ఎడమకీ పోతున్నాయి

ప్రశ్న: ఒంటారియో వాసి

అందరికీ నమస్కారం. నాకు 54 ఏళ్ళు. చాలా కాలంగా కెనడాలోని ఒంటారియోలో ఉంటున్నాను. ఇక్కడి తుపాకీ లైసెన్సు తీసుకుని రైఫిల్ క్లబ్బులో చేరి మూడేళ్ళయింది. కిందటి వేసవిలో ఒక పెద్దాయన దగ్గర లీ ఎన్‌ఫీల్డ్ నం.4 మార్క్ 1 స్టార్ రైఫిల్ కొన్నాను. ఇది 1943లో టొరంటో పక్కనే ఉన్న లాంగ్ బ్రాంచ్ కర్మాగారంలో తయారైంది. చిన్నప్పుడు మా ఊరి పోలీస్ స్టేషన్ ముందు సెంట్రీ భుజాన చూసిన త్రీ నాట్ త్రీ కుటుంబానిదే ఇదీ కావడంతో ఎంతో ఇష్టపడి తీసుకున్నాను. దీన్ని గోడకు తగిలించుకోవాలని లేదు, సరిగ్గా గురి పెట్టి కాల్చాలని ఉంది.

దీని వెనుక సైట్ పీప్ సైట్, అంటే చిన్న రంధ్రం గుండా గురి చూసేది. రేకును అచ్చుకొట్టి చేసిన మార్క్ 3 రకం. పడుకోబెడితే పెద్ద రంధ్రం కంటి ముందుకు వస్తుంది. నిలబెడితే 200 నుంచి 1300 గజాల వరకు అంకెలున్న నిచ్చెనలాంటి పట్టీ మీద చిన్న రంధ్రం పైకీ కిందికీ జరుగుతుంది. పక్కలకు జరిపే ఏర్పాటు వెనుక సైట్‌లో లేదు.

గత ఆదివారం 100 గజాల దగ్గర, బల్ల మీద ఇసుక సంచుల ఆసరాతో, 180 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే తూటా బరువు కొలిచే చిన్న కొలమానం) కంపెనీ తూటాలు అయిదు కాల్చాను. అన్నీ నల్ల చుక్కకు పైన ఎడమవైపునే పడ్డాయి. చుక్క మధ్య నుంచి కొలిస్తే పైకి 5, 6, 6.5, 7, 8 అంగుళాలు, ఎడమకు 3, 3.5, 4, 4.5, 5 అంగుళాలు వచ్చాయి. నిజానికి మొదటిసారి కాల్చినప్పుడు ఎడమకు రెండు అంగుళాలే పోయాయి. తూటా కుడికి రావాలి కదా అని ముందు సైట్ బ్లేడును, అంటే బ్యారెల్ కొన దగ్గర నిలబడి ఉండే సన్నని ఇనుప పలకను, కుడివైపుకు కాస్త తట్టాను, దాంతో రెండు నాలుగైంది.

ముందు సైట్ బ్లేడు మీద 45 అని అంకె ఉంది. వెనుక సైట్‌ను 200 కంటే కిందికి దించడానికి వీలు లేదు, మరి ఎత్తు ఎలా తగ్గించాలి? అవసరమైతే బ్లేడును ఆకురాయితో రాయవచ్చా? ఇంకొక సంగతి, నేను ప్రోగ్రెసివ్ కళ్ళద్దాలు వాడతాను. బ్లేడు కొన ఒక్కోసారి స్పష్టంగా, ఒక్కోసారి మసకగా కనిపిస్తోంది. తప్పు రైఫిల్‌దా, నా కంటిదా అన్నది కూడా తేల్చుకోలేకపోతున్నాను. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

సమాధానం: కాల్గరీ నుంచి

నమస్కారమండి. ఆకురాయి మాట ముందు పక్కన పెట్టండి. అది ఏ విధంగానూ మీకు పనికిరాదు, ఎందుకంటే బ్లేడును రాస్తే పొట్టిదవుతుంది, బ్లేడు పొట్టిదైతే తూటా ఇంకా పైకి పోతుంది. మీకు కావలసింది ఎత్తైన బ్లేడు.

సైట్ల విషయంలో చాలామంది తడబడేది ఇక్కడే కాబట్టి మూలసూత్రాన్ని ఒకసారి చెబుతాను. వెనుక సైట్‌ను ఎటు జరిపితే తూటా అటే పోతుంది, ముందు సైట్ మాత్రం దానికి పూర్తిగా వ్యతిరేకం. తూటా ఎడమకు పోతోందంటే ముందు బ్లేడును కూడా ఎడమకే జరపాలి, పైకి పోతోందంటే బ్లేడును పైకే పెంచాలి. తప్పు ఎటుంటే బ్లేడు అటే వెళ్ళాలని గుర్తు పెట్టుకుంటే చాలు. మీరు కుడికి తట్టారు కనుకనే తప్పు రెట్టింపైంది.

లెక్క కూడా తేలికైనదే. నం.4లో రెండు సైట్ల మధ్య దూరం సుమారు 28.7 అంగుళాలు, 100 గజాలంటే 3600 అంగుళాలు. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే దాదాపు 125 వస్తుంది. అంటే బ్లేడు ఒక థౌ, అంటే లేత్ పనివాళ్ళు అనే అంగుళంలో వెయ్యో వంతు, కదిలితే లక్ష్యం మీద ఎనిమిదో వంతు అంగుళం మార్పు వస్తుంది, ఎనిమిది థౌలు కదిలితే ఒక అంగుళం మారుతుంది. మీ అయిదు తూటాల సగటు ఎడమకు 4 అంగుళాలు కాబట్టి బ్లేడును ఎడమకు 32 థౌలు, అంటే 0.8 మిల్లీమీటరు జరపాలి. కంటికి అది చాలా కొంచెంగానే కనిపిస్తుంది, అందుకే సన్నని కొలతలు తీసే వెర్నియర్ లేకుండా ఈ పని మొదలుపెట్టవద్దు.

ఇక ఎత్తు సంగతి. మిమ్మల్ని ఒక ప్రశ్న అడగాలి: కాల్చేటప్పుడు వెనుక సైట్ పట్టీ నిలబడి ఉందా, పడుకుని ఉందా? పడుకున్నప్పుడు కనిపించే పెద్ద రంధ్రం యుద్ధంలో హడావిడిగా వాడడానికి 300 గజాలకు పెట్టింది. 300కు సరిపడిన సైట్‌తో 100 గజాల దగ్గర కాలిస్తే తూటా ఆరు అంగుళాల దాకా పైన పడడం సహజం, దాన్ని తప్పుగా లెక్కించకూడదు. ఈ ఒక్క సంగతి తెలియక మంచి రైఫిళ్ళ బ్లేడులు మార్చి పాడు చేసినవాళ్ళను చూశాను. పట్టీ నిలబెట్టి 200 మీద పెట్టే కాల్చి ఉంటే మాత్రం కథ వేరు. సైన్యపు మార్క్ 7 తూటా 174 గ్రెయిన్ల బరువుతో సెకనుకు 2440 అడుగుల వేగంతో బయలుదేరుతుంది. అది 200 గజాల దగ్గర గురికి సరిగ్గా తగలాలంటే 100 దగ్గర రెండున్నర నుంచి మూడు అంగుళాలు పైన ఉండాలి. మీ సగటు 6.5 కాబట్టి ఎక్కువైనది మూడున్నర నుంచి నాలుగు అంగుళాలన్నమాట.

నం.4 బ్లేడులు 15 థౌల మెట్లలో తయారయ్యాయి: 15, 30, 45, 60, 75 అని అలా సాగుతాయి. ఒక్కో మెట్టుకు 100 గజాల దగ్గర 1.9 అంగుళాల చొప్పున తేడా వస్తుంది. కాగితం మీద చూస్తే మీకు రెండు మెట్లు పైది, అంటే 75 కావాలి. కానీ నా మాట నమ్మి వెంటనే కొనకండి. ఈ లెక్కంతా మీ దగ్గరున్నది నిజంగా 45 బ్లేడే అన్న నమ్మకం మీద ఆధారపడి ఉంది.

సమాధానం: విశ్రాంత ఆర్మరర్, కాకినాడ

అయ్యా, నేను సాయుధ రిజర్వు పోలీసులో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాల మరమ్మతు చూసేవాడిగా, పనిచేసి రిటైరైనవాణ్ణి. మా చేతిలో ఉన్నవి ఎక్కువగా ఈషాపూర్ కర్మాగారంలో తయారైన నం.1 మార్క్ 3 రైఫిళ్ళు. వాటికి మీ రైఫిల్‌కున్నట్టు పీప్ సైట్ ఉండదు. బ్యారెల్ మీదనే, కంటికి దూరంగా, గాడి కోసిన తెరిచిన సైట్ ఉంటుంది. ఆ రెండు సైట్ల మధ్య దూరం సుమారు 19.4 అంగుళాలే కనుక ఎనిమిది థౌల పొరపాటుకు మాకు 100 గజాల దగ్గర ఒకటిన్నర అంగుళం తప్పేది, మీకు అంగుళంతో పోతుంది. వెనుక సైట్‌ను కంటి దగ్గరికి తెచ్చి, గాడికి బదులు రంధ్రం పెట్టడంలోని లాభం అదే. మన దేశంలో .303 నిషిద్ధ బోరు కావడం వల్ల పౌరుల చేతికి రాదు. కాబట్టి ఇక్కడ చదివేవారిలో చాలామంది దీన్ని విప్పి చూసి ఉండరు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

సైట్ మీద చెయ్యి వేయడానికి ముందు రైఫిల్ చెక్కను చూడాలి. నా ఉద్యోగమంతటిలో సైట్ తప్పని నా దగ్గరికి తెచ్చిన రైఫిళ్ళలో సగానికి పైగా చెక్క తప్పుతో వచ్చినవే. మ్యాగజైన్ తీసి, బోల్ట్ బయటికి లాగి, ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉందని కంటితోనూ వేలితోనూ చూసుకోండి. తరువాత ట్రిగ్గర్ గార్డుకు ముందున్న పెద్ద స్క్రూ బిగువుగా ఉందో లేదో చూడండి. ఎనభై ఏళ్ళ చెక్క ఎండి కుంచించుకుపోతే ఆ స్క్రూ బిగించినట్టే ఉంటుంది కానీ లోపల చెక్క కదులుతూ ఉంటుంది. ఆ తరువాత మజిల్ దగ్గర, అంటే తూటా బయటికి వచ్చే కొన దగ్గర, బ్యారెల్‌ను బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి చెక్క నుంచి పైకి ఎత్తి వదలండి. నం.4కు బ్యారెల్ కొన దగ్గర చెక్క కింది నుంచి కొద్దిగా నొక్కుతూ ఉండాలి. అలా ఉంటే ఎత్తినప్పుడు కాస్త బలం పెట్టాల్సి వస్తుంది, వదలగానే బ్యారెల్ టక్కుమని వెనక్కి కూర్చుంటుంది. ఏ బలమూ పెట్టకుండా ఊగితే, లేదా ఒక పక్కకే ఒరిగి కూర్చుంటే, బ్యారెల్ వేడెక్కిన కొద్దీ తూటాలు పడే చోటు మారుతుంది. అప్పుడు మీరు ఏ బ్లేడు పెట్టినా ఈ రోజు సరిపోయింది రేపు సరిపోదు.

మీ అయిదు తూటాలూ పైకీ కిందికీ మూడు అంగుళాల్లో, పక్కలకు రెండు అంగుళాల్లో పడ్డాయని మీ లెక్కలే చెబుతున్నాయి. ఇనుప సైట్లతో, కొత్త చేతికి, పాత రైఫిల్‌కు అది చెడ్డ గ్రూపింగ్ (తూటాలు ఒకదానికొకటి దగ్గరగా పడిన తీరు) కాదు కనుక చెక్క బాగానే ఉండవచ్చునని నా అంచనా. అయినా ఒక్కసారి చూడండి.

ఇప్పుడు బ్లేడు దగ్గరికి వద్దాం. దాని మీద ఉన్న అంకెను నమ్మకండి, బ్లేడునే నమ్మండి. టార్చి లైటు పక్క నుంచి వేసి బ్లేడు పై అంచును చూడండి. కర్మాగారం నుంచి వచ్చిన బ్లేడు పై అంచు చదునుగా, రెండు మూలలు నిటారుగా, రంగు అంతటా ఒకేలా ఉంటుంది. ఎవరైనా ఆకురాయితో రాసి ఉంటే పైభాగం తెల్లగా మెరుస్తుంది. అడ్డంగా సన్నని గీతలు ఉంటాయి, అంచు ఒక పక్కకు వాలి ఉంటుంది, మూలలు గుండ్రపడి ఉంటాయి. పాత యజమాని ఏదో తేలికపాటి తూటా కిందికి పోతోందని రాసి ఉండే అవకాశం బాగా ఉంది.

జరిపే పద్ధతి చెబుతాను. బ్లేడుకు రెండు పక్కలా ఉన్న ఇనుప చెవుల ప్రొటెక్టర్‌ను స్క్రూ తీసి ముందుకు లాగేయండి. కొన్ని రైఫిళ్ళలో బ్లేడు కూర్చునే దిమ్మకు బిగించే చిన్న స్క్రూ ఉంటుంది, మీదానికి ఉంటే ముందు దాన్ని వదులు చేయాలి. అది తెలియక సుత్తితో కొట్టి దిమ్మ గాడినే వెడల్పు చేసినవాళ్ళున్నారు. బ్లేడు అడుగు భాగం మీదా దిమ్మ మీదా కలిసేలా సన్నని పెన్సిల్ గీత గీయండి. ఎంత జరిగిందో ఆ గీత విరిగిన దూరమే చెబుతుంది. సైట్ జరిపే స్క్రూ బిగింపు పనిముట్టు దొరికితే అన్నిటికంటే అదే మేలు. అది దొరకకపోతే ఇత్తడి కడ్డీ ఆనించి చిన్న సుత్తితో తట్టండి, ఇనుప పంచి మాత్రం వాడకండి. బ్యారెల్‌ను వైస్‌లో బిగించకుండా, రైఫిల్‌ను మెత్తటి గుడ్డ మీద పెట్టి ఇంకొకరిని పట్టుకోమనండి. కొద్దికొద్దిగా తట్టి కొలవండి, మళ్ళీ తట్టి మళ్ళీ కొలవండి.

ఇంకొక మాట. ఎండలో బ్లేడు మెరిస్తే కన్ను మోసపోతుంది. ఏటా జరిగే రేంజి ఫైరింగు రోజున మేము కర్పూరం బిళ్ళ వెలిగించి, దాని పొగ మీద బ్లేడును రెండు క్షణాలు పట్టేవాళ్ళం. కాటుకలాంటి మెత్తటి నల్లటి మసి పట్టి బ్లేడుకు మెరుపు అనేదే లేకుండా పోయేది. మీ దేశంలో కర్పూరం దొరకదని అనుకోను, పూజ సామాన్లలో ఉండే ఉంటుంది. రైఫిల్ ఖాళీగా ఉన్నప్పుడు, తూటాలూ నూనె గుడ్డలూ దూరంగా పెట్టిన తరువాతే ఈ పని చేయండి.

ప్రశ్న అడిగినవారు: ఒంటారియో వాసి

ఇద్దరికీ ఎంతో కృతజ్ఞుడిని. కాల్గరీ మిత్రులు అడిగిన దానికి జవాబు: పట్టీ నిలబెట్టి 200 మీద పెట్టే కాల్చాను, పెద్ద రంధ్రం వాడలేదు. ఆర్మరర్ గారు చెప్పినట్టు మజిల్ దగ్గర బ్యారెల్ ఎత్తి చూశాను, గట్టిగానే ఉంది, వదిలితే టక్కుమంటోంది. ముందు స్క్రూ మాత్రం పావు చుట్టు తిరిగింది, బిగించాను.

టార్చి వేసి బ్లేడు చూసినప్పుడు నాకు నోట మాట రాలేదు. సరిగ్గా మీరు రాసినట్టే ఉంది. పై అంచు తెల్లగా మెరుస్తోంది, భూతద్దంలో అడ్డ గీతలు కనిపిస్తున్నాయి, అంచు కుడివైపుకు వాలి ఉంది. 45 అన్న అంకె అలాగే ఉంది కానీ దాని మీద ఉండవలసిన ఇనుము లేదు. ఎన్ని థౌలు పోయాయో తెలియనప్పుడు ఏ బ్లేడు కొనాలి?

సమాధానం: కాల్గరీ నుంచి

అంకెను పక్కన పెట్టి తూటా చెప్పే లెక్కనే పట్టుకోవాలి. ఇప్పుడున్న బ్లేడు కంటే మీకు దాదాపు 30 థౌలు ఎత్తైనది కావాలి, అది మారదు. ఇప్పుడున్నది అసలు ఎంతన్నదే మారింది. ఏమీ రాయకపోయి ఉంటే 75 సరిపోయేది. 15 థౌలు రాసి ఉంటే ఇప్పుడున్నది 30తో సమానం కాబట్టి 60 సరిపోతుంది. 30 రాసి ఉంటే మళ్ళీ 45 చాలు. కాబట్టి 45, 60 రెండూ కొనండి, ధర పెద్దది కాదు. ముందు 60 పెట్టి కాల్చండి. తూటా కిందికి పోతే 45కు దిగండి, ఇంకా పైన ఉంటే 75 తెప్పించుకోండి. పాత బ్లేడును పారేయకండి, రైఫిల్‌తో పాటే ఒక చిన్న సంచిలో దాచండి. అది ఆ రైఫిల్ చరిత్రలో భాగం.

ఎత్తూ పక్కా ఒకేసారి సరిచేయకండి. కొత్త బ్లేడును పాతది ఉన్న చోటే గీతకు సరిగ్గా కూర్చోబెట్టి, అయిదు తూటాల చొప్పున రెండు గ్రూపులు కాల్చి సగటు తీయండి. ఎత్తు తేలిన తరువాతే పక్కకు జరపండి. గ్రూపుకూ గ్రూపుకూ మధ్య బ్యారెల్ చేతికి గోరువెచ్చగా తగిలేదాకా ఆగండి. తూటాలు ఒకే పెట్టెలోవి, ఒకే బరువువి అయి ఉండాలి. 150 గ్రెయిన్లవి, 180 గ్రెయిన్లవి కలిపి కాల్చి తీసిన సగటు ఏ రైఫిల్‌కూ పనికిరాదు.

పక్కలకు జరిపే వీలు కోసం పార్కర్ హేల్ పీహెచ్ 5సీ లాంటి టార్గెట్ సైట్ పెట్టుకోమని క్లబ్బులో ఎవరైనా సలహా ఇస్తారు. కోణపు నిమిషంలో పావు వంతు (100 గజాల దగ్గర దాదాపు పావు అంగుళం) చొప్పున క్లిక్కులుండే మంచి పనిముట్టు అది, వాటితో కాల్చినవారు గొప్ప స్కోర్లు సాధించారు. కానీ పాత సైనిక రైఫిళ్ళ పోటీల్లో చాలాచోట్ల సైన్యం ఇచ్చిన సైట్లతోనే కాల్చాలంటారు. మీ రైఫిల్ సైట్ ఇంకా దాని మీదే ఉండడం అదృష్టం, దానితోనే నేర్చుకోండి.

సమాధానం: సర్రే, ఇంగ్లండ్ నుంచి

నమస్కారం. నేను కళ్ళద్దాల నిపుణురాలిని. బిస్లీ అనే షూటింగు రేంజికి దగ్గరలో ఉండడంతో వారాంతాల్లో నేనూ పీప్ సైట్ రైఫిల్ కాలుస్తాను. మా దుకాణానికి వచ్చే పెద్దవయసు షూటర్లందరూ అడిగేది సరిగ్గా మీరు అడిగిన ప్రశ్నే. మీరు అడిగిన మిగతా వాటికి పై ఇద్దరూ చక్కగా జవాబిచ్చారు. కంటి సంగతి నేను చెబుతాను.

పీప్ సైట్ వాడేటప్పుడు కంటి ముందు మూడు వస్తువులుంటాయి: వెనుక రంధ్రం, ముందు బ్లేడు, దూరాన చుక్క. మూడింటినీ ఒకేసారి స్పష్టంగా చూడగల కన్ను మనిషికి లేదు. రంధ్రం చేసే మేలు ఏమిటంటే దాన్ని చూడవలసిన అవసరమే లేకుండా చేయడం. దాని గుండా చూస్తుంటే అంచు మసక వలయంగా ఉండిపోతుంది, కన్ను తనంతట తాను వెలుతురు ఎక్కువగా ఉన్న మధ్యకే వెళ్ళి నిలుస్తుంది. రంధ్రం మధ్యలో బ్లేడు ఉందా లేదా అని పదేపదే అంచులు చూసుకునేవారు కన్నును అనవసరంగా అలసటకు గురి చేస్తారు. చూపు నిలపవలసింది బ్లేడు కొన మీదే. చుక్క కొంచెం మసకగా ఉంటే ఉండనివ్వండి.

ఇప్పుడు మీ ప్రోగ్రెసివ్ కళ్ళద్దాల దగ్గరికి వద్దాం. వాటిలో పై భాగానికి దూరపు పవరు, కింది భాగానికి దగ్గరి పవరు, మధ్యలో రెండింటి కలయిక ఉంటాయి. రైఫిల్ బట్టు (భుజానికి ఆనించే చెక్క భాగం) మీద చెంప ఆనించగానే తల ముందుకు వంగి పక్కకు ఒరుగుతుంది. అప్పుడు మీరు చూసేది అద్దం నడిమి నుంచి కాదు, ముక్కు వైపు పై మూల నుంచి. తల అరంగుళం మారితే పవరు మారుతుంది, పవరు మారితే బ్లేడు కొన మసకబారుతుంది. ఒక్కోసారి స్పష్టంగా, ఒక్కోసారి మసకగా కనిపిస్తోందని మీరు రాసిన దానికి కారణం ఇదే అయి ఉంటుంది. మీ గ్రూపు పక్కలకంటే నిలువునా ఎక్కువ సాగడానికి కూడా ఇది కొంత కారణమని నాకనిపిస్తోంది.

దీనికి ఒకే పవరున్న షూటింగు కళ్ళద్దాలు చేయించుకోవాలి. మీ కంటి నుంచి బ్లేడుకు ఉన్న దూరం మీటరుకు కాస్త తక్కువ. సరిగ్గా ఆ దూరానికే పవరిస్తే బ్లేడు అద్భుతంగా కనిపిస్తుంది కానీ చుక్క పూర్తిగా కరిగిపోతుంది. అందుకే మేము దూరపు పవరుకు 0.50 డయాప్టర్ (అద్దాల పవరు కొలత) మాత్రమే కలుపుతాం. దాంతో చూపు రెండు మీటర్ల దగ్గర నిలుస్తుంది. మిగిలిన లోటును చిన్న రంధ్రమే తీరుస్తుంది, ఎందుకంటే రంధ్రం చిన్నదైన కొద్దీ ముందూ వెనకా స్పష్టంగా కనిపించే దూరం పెరుగుతుంది. మీ కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు దూరపు పవరు మీద ప్లస్ 0.50 కావాలని, తల వంచి చూసే చోటుకు అద్దం కేంద్రం రావాలని చెప్పండి. అద్దాలు పాలికార్బనేట్‌వి అయితే కంటికి రక్షణ కూడా ఉంటుంది.

మబ్బు పట్టిన రోజున చిన్న రంధ్రం గుండా బ్లేడు సరిగ్గా కనబడదు, ఎండ రోజున బాగా కనిపిస్తుంది. వెలుతురు మారిన రోజున తూటా కాస్త చోటు మారితే కంగారుపడి బ్లేడు తట్టకండి. ఏ రోజు, ఎలాంటి వెలుతురులో, ఎక్కడ పడిందో పుస్తకంలో రాసి పెట్టుకోండి. ఆర్మరర్ గారు చెప్పిన కర్పూరం మసి గురించి మా క్లబ్బులో పెద్దవాళ్ళు కూడా చెబుతారు. ఆ మాటను మళ్ళీ తెలుగులో, కాటుకతో పోల్చగా చదవడం నాకెంతో సంతోషంగా ఉంది.

ప్రశ్న అడిగినవారు: ఒంటారియో వాసి

నెల తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. కళ్ళద్దాలు రావడానికి మూడు వారాలు పట్టింది.

60 బ్లేడును పాత గీత దగ్గరే కూర్చోబెట్టి రెండు గ్రూపులు కాల్చాను. పది తూటాల సగటు చుక్కకు 2.25 అంగుళాలు పైన వచ్చింది. అంటే 200 మీద పెట్టిన సైట్‌కు 100 గజాల దగ్గర ఉండవలసిన ఎత్తుకు దాదాపు సరిపోయింది. లెక్క వెనక్కి వేసి చూశాను: 6.5 నుంచి 2.25కు దిగిందంటే 4.25 అంగుళాలు, అంటే 34 థౌలు. 60లో 34 తీసేస్తే 26. అంకె 45 చెబుతున్నా నా పాత బ్లేడు నిజానికి 26 థౌలదే, ఎవరో 19 థౌలు, దాదాపు అర మిల్లీమీటరు, ఆకురాయితో తినేశారన్నమాట.

తరువాత పక్కకు జరిపాను. నా రైఫిల్ దిమ్మకు బిగించే స్క్రూ ఉంది. ఆర్మరర్ గారు చెప్పకపోయి ఉంటే దాన్ని చూసేవాడినే కాదు. దాన్ని వదులు చేసి, మా అబ్బాయి రైఫిల్ పట్టుకోగా, ఇత్తడి కడ్డీతో తట్టాను. మొదటి రెండు దెబ్బలకు ఏమీ కదల్లేదు, మూడో దెబ్బకు ఒక్కసారిగా కదిలింది. వెర్నియర్ పెడితే 0.8కి బదులు ఒక మిల్లీమీటరు పైగా జరిగింది. కాల్చి చూస్తే సగటు కుడికి ఒకటింబావు అంగుళం. మళ్ళీ చెవులు విప్పి, ఈసారి గోరుతో తట్టినంత నెమ్మదిగా, పది థౌలు వెనక్కి తెచ్చాను. చివరి గ్రూపు అయిదు తూటాల్లో నాలుగు రెండు అంగుళాల్లో పడ్డాయి. అయిదోది నేను ట్రిగ్గర్ లాగిన తీరుతోనే బయటికి పోయింది, లాగిన క్షణంలోనే తెలిసింది.

కొత్త కళ్ళద్దాలతో బ్లేడు కొన ప్రతిసారీ ఒకే తీరుగా, నల్లగా, మూలలతో సహా కనిపిస్తోంది. మా ఇంటి దేవుడి గూట్లో కర్పూరం ఉంది. ఆ మసి పట్టిన బ్లేడు వెనక తెల్లటి కాగితం ఎంత తేటగా కనిపిస్తుందో నాకిప్పుడు తెలుసు.

సమాధానం: విశ్రాంత ఆర్మరర్, కాకినాడ

చాలా సంతోషమయ్యా. బిగించే స్క్రూను మళ్ళీ బిగించారో లేదో రాయలేదు. వచ్చేసారి రేంజికి వెళ్ళే ముందు దాన్ని చూసుకోండి. బ్లేడు ఇప్పుడు నిలిచిన చోట దిమ్మ మీద కొత్త గీత గీసి, పాత పెన్సిల్ గీతను తుడిచేయండి. రెండు గీతలుంటే రేపు మీకైనా, మీ అబ్బాయికైనా ఏది సరైనదో తెలియదు.